చిన్న బాత్రూమ్‌లో టవళ్లు ఎక్కడ పెట్టాలి: ముందు కడ్డీ, తర్వాతే షెల్ఫు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: చెన్నై మడిపాక్కంలో అద్దె ఫ్లాటు, బాత్రూమ్ నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఇంట్లో నలుగురు. టవళ్లన్నీ తలుపు వెనక రెండు కొక్కేలకు ఒకదాని మీద ఒకటి వేలాడుతున్నాయి, సాయంత్రానికి కూడా ఆరక వాసన వేస్తున్నాయి. ఫోటోల్లో కనిపించేలా చుట్టలు చుట్టి పేర్చే షెల్ఫు పెట్టిస్తే తీరుతుందా? ఓనరుగారు గోడకు ఎక్కువ రంధ్రాలు వద్దన్నారు, వేరే దారి ఉందా?

సూటిగా చెప్తాను. షెల్ఫుతో మీ ఇబ్బంది తీరదు. మీకు ముందు కావలసింది తడి టవళ్లు విడివిడిగా ఆరే చోటు. గోడకు 30 అంగుళాల జంట కడ్డీ ఒకటి, రంధ్రాలు లేకుండా గోడకూ గోడకూ మధ్య బిగించే కడ్డీ ఒకటి, తలుపుకు పైనున్న గోడకు చిన్న అర ఒకటి. ఈ మూడింటితో నలుగురికీ సరిపోతుంది. అరలో ఉతికినవి మనిషికి ఒకటి చొప్పున నాలుగే పెట్టండి. మిగతావన్నీ పడగ్గది బీరువాలోకి పోవాలి. మొత్తం ఎనిమిది రంధ్రాలు చాలు.

నేను నెల్లూరు వైపు వాణ్ణి. చెన్నైలో పదిహేడేళ్లుగా పాత బాత్రూమ్‌లు విప్పి మళ్లీ కట్టే పనిలో ఉన్నాను. ఇక్కడి ఇళ్లలో నేను చూసిన తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే, తడివీ పొడివీ కలిపి ఒకే చోట సర్దాలనుకోవడం. ఆ ఫోటోలు చాలావరకు చలి దేశాల ఇళ్లవి. అక్కడ గదికి హీటరు ఉంటుంది, దాంతో లోపలి గాలి పొడిగా ఉంటుంది, టవల్ ఎక్కడ పెట్టినా ఆరుతుంది. మన దగ్గర సముద్రం పక్కనే ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. ఆ మూడు నెలలు బీరువాలో మడత పెట్టిన బట్ట కూడా చేతికి చల్లగా తగులుతుంది. అలాంటి గాలిలో, పొద్దున్నే నలుగురు వేడినీళ్లతో స్నానం చేసే గదిలో ఉతికిన టవళ్లు పేరిస్తే అవి వాడకముందే చెమ్మెక్కుతాయి. బెంగళూరులో ఉన్న మా తమ్ముడింట్లో గాలి ఇంత ఉప్పగా ఉండదు కానీ, జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బు పట్టి ఎండ సరిగా రాదు, అక్కడా ఇదే గొడవ.

ఇక లెక్క చూద్దాం. మామూలు బాత్ టవల్ 30 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు. కొట్లో దొరికే కడ్డీల్లో ఎక్కువ భాగం 18 లేదా 24 అంగుళాలవి. 24 అంగుళాల కడ్డీ మీద 30 అంగుళాల టవల్ వేస్తే అంచులు లోపలికి మడత పడతాయి. ఆ మడతలోనే తడి ఉండిపోతుంది, వాసన పుట్టేది అక్కడే. అందుకే కడ్డీ 30 అంగుళాలకు తగ్గకూడదు. కొక్కెం అంతకంటే నయమేమీ కాదు. కొక్కేనికి వేసిన టవల్ మధ్యభాగం ముడుచుకుని నాలుగైదు పొరల మందం అవుతుంది. మీ తలుపు వెనక జరుగుతున్నది ఇదే. సాయంత్రం ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. కింది అంచులు ఆరి ఉంటాయి, కొక్కెం పట్టుకున్న చోట ఇంకా తడిగా ఉంటుంది.

జంట కడ్డీ అంటే రెండు కడ్డీలు ముందూ వెనకా, కాస్త ఎత్తు తేడాతో ఉండేది. రెండింటి మధ్య కనీసం నాలుగంగుళాల ఎడం ఉన్నదే తీసుకోండి. రెండంగుళాల ఎడం ఉన్నవి చూడ్డానికి సన్నగా బాగుంటాయి కానీ రెండు టవళ్లూ అతుక్కుపోతాయి. నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో పెట్టించండి. టవల్‌ను పొడవులో సగానికి వేస్తే 30 అంగుళాలు కిందికి దిగుతుంది, ఇంకా అడుగున్నర ఖాళీ ఉంటుంది, నేల మీది నీళ్లు చిమ్మవు. షవర్ ఉన్న వైపు కాకుండా తలుపు వైపు గోడకు, నీళ్లు తగలని సగంలో. నాలుగడుగుల వెడల్పు బాత్రూమ్‌లో గోడ నుంచి ఆరేడంగుళాలకు మించి ముందుకు వచ్చే సామాను ఏదైనా మోచేతికి తగులుతుంది. అందుకే హోటళ్లలో ఉండే పెద్ద టవల్ ర్యాకు, పైన జాలీ కింద కడ్డీ ఉండేది, మీకు వద్దంటాను. దాంట్లో ఇంకో లోపం కూడా ఉంది. కింద తడి టవల్, నేరుగా దాని పైన పొడి టవళ్లు. కిందిదాని తడి ఆవిరై పైవాటికి ఎక్కుతుంది.

రెండో కడ్డీ సంగతికి ముందు ఒక ఇల్లు గుర్తొస్తోంది. అన్నానగర్‌లో ఒంగోలు వాళ్ల ఫ్లాటు. పాత బాత్రూమ్ మార్చడానికి పిలిచారు. కొడుకూ కోడలూ టైల్స్ రంగు గురించి మాట్లాడుతుంటే పెద్దావిడ నన్ను పక్కకు పిలిచి, "బాబూ, నా తువ్వాలు ఇంకెవరి తువ్వాలుకూ తగలకుండా చూడు నాయనా, అంతకంటే నాకేమీ అక్కర్లేదు" అన్నారు. ఆవిడ పుట్టింట్లో వంటింటి పక్క గదిలో పైకప్పుకు తాళ్లతో వెదురు దండెం కట్టి ఉండేదట. మడిబట్టలు కర్రతో పైకి ఎత్తి ఆరేసేవాళ్లు, కర్రతోనే తీసేవాళ్లు. నాకు వెంటనే తట్టింది. కిటికీ వైపు, ఏడడుగుల ఎత్తులో, ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక స్టీలు కడ్డీ వేశాం, కొక్కెం ఉన్న చిన్న కర్ర ఒకటి పక్కన తగిలించాం. నెల తర్వాత మిగిలిన పని చూడ్డానికి వెళ్తే కోడలుగారు చెప్పిన మాట: ఇంట్లో అందరి టవళ్ల కంటే అత్తగారి తువ్వాలే ముందు ఆరుతోందని, ఇప్పుడు పిల్లలు కూడా అక్కడే వేస్తున్నారని.

దాని వెనక వింతేమీ లేదు. వెచ్చటి గాలి పైకి పోతుంది, వెంటిలేటర్ కూడా పైనే ఉంటుంది. స్నానపు నీళ్లు చిమ్మేది కిందే. మన పెద్దవాళ్లు పైకప్పు దగ్గర దండెం కట్టింది మడి కోసమే అయినా, ఆరడానికి కూడా అదే సరైన చోటు. నేల మీద ఒక్క అంగుళం కూడా ఆక్రమించదు. చిన్న బాత్రూమ్‌లో మనం వాడని జాగా ఏదైనా ఉందంటే అది తలకు పైనే.

మీ గది వెడల్పు నాలుగడుగులే కాబట్టి దీనికి డ్రిల్ అవసరం లేదు. స్ప్రింగు లేదా మర ఉండి రెండు కొసలా రబ్బరు బిళ్లలు ఉండే కడ్డీలు దొరుకుతాయి, షవర్ కర్టెన్‌కు వాడేవి. తిప్పుతుంటే పొడవు పెరిగి గోడలకు గట్టిగా ఆనుకుంటుంది. వెంటిలేటర్ పక్కన ఆరున్నర అడుగుల ఎత్తులో బిగించండి. రెండు జాగ్రత్తలు. రబ్బరు బిళ్ల ఆనే చోట టైల్‌కు సబ్బు జిడ్డు, నూనె లేకుండా తుడవాలి, లేకపోతే ఒకరోజు రాత్రి ఢామ్మని పడుతుంది. ఇంకోటి, దాని మీద పిండిన బరువైన టవళ్లు వేయొద్దు, ఒళ్లు తుడుచుకున్నవి రెండు చాలు.

టవల్ మార్చడం కూడా జాగా మిగిల్చే పద్ధతే. ఇది చాలామంది ఆలోచించరు. 500 జీఎస్ఎమ్ టర్కీ టవల్ ఆ కొలతలో పొడిగా ఉన్నప్పుడే అర కిలో దాటుతుంది. జీఎస్ఎమ్ అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు అని. బరువు పెరిగేకొద్దీ మెత్తదనం పెరుగుతుంది, ఆరే సమయమూ పెరుగుతుంది. చెన్నైకి 400 దాటకుండా కొనండి. అంతకంటే మంచిది పలచటి చేనేత తువ్వాలు. తమిళనాడు చేనేత సహకార సంఘం కొట్లు, కో-ఆప్టెక్స్‌లో చూడండి. మడత పెడితే అరచేతి మందం ఉండదు, ఫ్యాను కింద వేస్తే త్వరగా ఆరిపోతుంది, మామూలు అరలో మూడు టర్కీ టవళ్లు పట్టే చోట అలాంటివి ఎనిమిది పడతాయి. మా ఇంట్లో తలకు మాత్రమే టర్కీ టవల్, ఒంటికి తువ్వాలే.

తలుపు వెనక భాగాన్ని వదులుకోవద్దు, కాకపోతే వాడే తీరు మార్చండి. తలుపు పై అంచుకు తగిలించే స్టీలు కొక్కేలు దొరుకుతాయి, స్క్రూలు అక్కర్లేదు. రెండు కొక్కేలు రెండడుగుల ఎడంగా పెట్టండి. టవల్ పొట్టి అంచుకు రెండు మూలలా నాడా ముక్కలతో రెండు ఉంగరాలు కుట్టించండి, వీధి చివర టైలరు నిమిషంలో కుట్టి ఇస్తాడు. ఒక్కో ఉంగరం ఒక్కో కొక్కేనికి. టవల్ పరదాలా పరచుకుని ఒకే పొరలో వేలాడుతుంది. కడ్డీ మీద సగానికి వేసినదాని కంటే ఇది ముందు ఆరుతుంది, ఎందుకంటే రెండు వైపులా గాలి తగులుతుంది. కొనే ముందు తలుపుకీ చట్రానికీ మధ్య సందు చూసుకోండి. కొక్కెం రేకు మందానికి ఆ సందు చాలకపోతే తలుపు పడదు. మీది పీవీసీ తలుపయితే లోపల గుల్లగా ఉంటుంది, దానికి స్క్రూ మాత్రం కొట్టొద్దు, పట్టుండదు.

ఇప్పుడు మీకు ఇష్టమైన షెల్ఫు. పెట్టించండి, తప్పేం లేదు, తలుపు పైన. మామూలుగా తలుపు ఏడడుగులు, పైకప్పు తొమ్మిదిన్నర పది అడుగులు, మధ్యలో అంత గోడ ఊరికే ఉంటుంది. 30 అంగుళాల పొడవు, 10 అంగుళాల లోతు అర చాలు. అక్కడికి షవర్ నీళ్లు రావు. ఆవిరి వస్తుంది, అందుకే మనిషికి ఒక్కటే అన్నాను. వారంలో వాడేసి మళ్లీ పెట్టుకునేంత మాత్రమే.

చుడితే జాగా కలిసొస్తుందనేది సగం నిజం. పెద్ద టవల్‌ను పొడుగునా మూడు మడతలు వేసి చుడితే అయిదంగుళాల పైచిలుకు లావు, పదంగుళాల పొడవు చుట్ట వస్తుంది. 30 అంగుళాల అరలో అలాంటివి అయిదు పడతాయి. అదే టవల్‌ను చదరంగా మడిస్తే దొంతరగా ఒకదాని మీద ఒకటి పెట్టొచ్చు, చుట్టల మధ్య మిగిలే సందులు ఉండవు. సన్నటి గూటిలో, బుట్టలో అయితే చుట్టలే మేలు, ఒకటి లాగితే మిగతావి చెదరవు. చదునైన అరలో మడతే మేలు. అందం కోసమైతే మడత వీపు, అంటే అంచులు కనపడని గుండ్రటి వైపు, బయటికి ఉంచండి. నలుగురివీ ఒకే రంగు కొని ఉంగరం నాడా మాత్రం మనిషికో రంగు పెట్టించండి. పెద్ద ఖర్చు లేకుండా బాత్రూమ్ ఒక్కసారిగా సర్దినట్టు కనిపించేది దీనివల్లే.

అర దేంతో చేయించాలి అన్నదాంట్లో నేను ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నాను. పని మొదలుపెట్టిన కొత్తలో పెరంబూర్‌లో ఒకరింటికి పార్టికల్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసేది) కప్‌బోర్డు పెట్టాను, పైన లామినేట్ చక్కగా మెరుస్తూ ఉండేది. దీపావళికి పెట్టింది, సంక్రాంతికి ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే కింది అంచు పాలలో ముంచిన రస్కులా ఉబ్బి ఉంది, వేలితో నొక్కితే పొడి రాలింది, లోపలి టవళ్లకు బూజు చుక్కలు. నా డబ్బుతో విప్పి మార్చి ఇచ్చాను. అప్పటి నుంచి బాత్రూమ్‌లో పార్టికల్ బోర్డునూ, చెక్క పీచుతో చేసే ఎండీఎఫ్ బోర్డునూ అడుగు పెట్టనివ్వను. పీవీసీ ఫోమ్ బోర్డు నీళ్లు తాగదు, చిన్న అరకు అది చాలు. స్క్రూ పట్టు తక్కువ కాబట్టి బరువు బ్రాకెట్ల మీద పడేలా చూడాలి. చెక్కే కావాలంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై, అంటే నీళ్లకు తట్టుకునే ప్లైవుడ్, అన్ని అంచులూ మూసి. తలుపులున్న కప్‌బోర్డు కంటే తెరిచి ఉన్న అర మంచిది, గాలి ఆడుతుంది.

స్టీలు తుప్పు విషయం మడిపాక్కంలో మీకు అంత ఇబ్బంది కాకపోవచ్చు గానీ, ఇది చదివే సముద్రపు ఒడ్డు బెసంట్ నగర్, తిరువాన్మియూర్ వాళ్ల కోసం చెప్తాను. తిరువాన్మియూర్‌లో సముద్రానికి రెండు వీధుల అవతల ఒక ఇంట్లో ఆరు నెలలకే కడ్డీ మీద గోధుమరంగు చుక్కలు లేచాయి. తెల్ల టవళ్లన్నిటికీ సరిగ్గా మడత పడేచోట తుప్పు గీత అడ్డంగా పడింది, ఎంత ఉతికినా పోలేదు. అది 202 రకం స్టీలు. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపి చౌకగా చేస్తారు. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, అది నిలుస్తుంది. అయస్కాంతం అంటుకోకపోతే 304 అని కొట్లో చెప్తారు, నమ్మొద్దు. 202 కూడా చాలాసార్లు అంటుకోదు. కడ్డీ మీదో బిల్లు మీదో 304 అని రాసి ఉన్నదే కొనండి. ఇక్కడ చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గర హార్డ్‌వేర్ కొట్లలో అడిగితే రాసిస్తారు. స్క్రూలు కూడా స్టీలువే అడగండి. చాలాసార్లు కడ్డీ బాగానే ఉండి, పెట్టెలో వచ్చిన మామూలు స్క్రూలే తుప్పు పట్టి టైల్ మీద చారలు దింపుతాయి.

మరికొన్ని త్వరగా. గోడలో గూడు తవ్వించడం సొంత ఇంట్లో, అదీ తొమ్మిదంగుళాల గోడ అయితేనే. నాలుగున్నర అంగుళాల గోడలో తవ్వితే ఏం మిగలదు. గోడకు వాల్చే నిచ్చెన అందంగా ఉంటుంది కానీ నాలుగడుగుల గదిలో కాలికి అడ్డం, తడి నేల మీద జారుతుంది కూడా. కమోడ్ పైన అర పెడితే మూత వేసి ఫ్లష్ చేసే అలవాటు ఇంటిల్లిపాదికీ ఉండాలి, తుంపర్లు పైకి లేస్తాయి. గీజరు మీద టవల్ ఆరేయడం పూర్తిగా మానండి, అక్కడ కరెంటు ఉంది. జిగురు కొక్కేలు నున్నటి టైల్ మీద, స్పిరిట్‌తో తుడిచి, అంటించి ఒకరోజు ఆగి తగిలిస్తే ముఖం తుడుచుకునే చిన్న టవల్‌ను మోస్తాయి. గరుకు టైల్ మీద నిలవవు. ఇంట్లో పెద్దవాళ్లుంటే టవల్ కడ్డీ పట్టుకుని లేచే అలవాటు కానివ్వొద్దు, ఊడి వస్తుంది. వాళ్లకు పట్టుకమ్మీ విడిగా వేయించాలి.

ఎగ్జాస్ట్ ఫ్యాను గురించి కూడా అడగాల్సింది మీరు. స్నానం అయ్యాక ఇరవై నిమిషాలు ఆడనివ్వండి. తలుపు కింద ముప్పావు అంగుళం సందు లేకపోతే లోపలికి గాలి రాదు, ఫ్యాను ఊరికే తిరుగుతుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు బాత్రూమ్‌లో ఏ కడ్డీ మీదా ఏదీ ఆరలేదు. హాల్లో కిటికీలకు ఎదురుగా తాడు కట్టి పలచటి తువ్వాళ్లతోనే గడిపాం. వాన జోరుగా ఉన్న రోజుల్లో మీరూ తడి టవళ్లను బాత్రూమ్‌లో ఉంచకుండా పడగ్గది ఫ్యాను కిందికి తెచ్చేయండి.

చివరిగా రంధ్రాలు. కుళాయికి సరిగ్గా పైనా, గీజరుకు సరిగ్గా కిందా ఉన్న నిలువు పట్టీలో లోపల పైపులు ఉంటాయి. అటూ ఇటూ ఒక అడుగు వదిలేయండి. గీజరు స్విచ్చు నుంచి గీజరు దాకా వైరు వెళ్లే దారి కూడా వదలాలి. రంధ్రం టైల్ మధ్యలో పడాలి, జాయింటు దగ్గర పెడితే అంచు పెచ్చు లేస్తుంది. గుర్తు పెట్టిన చోట టేపు అంటించి, టైల్ బిట్టుతో, డ్రిల్‌లో గుద్దే హ్యామర్ ఆపేసి, నెమ్మదిగా టైల్ దాటించాలి. ఆ తర్వాతే గోడ బిట్టు, హ్యామర్. రంధ్రంలో నైలాన్ ప్లగ్గు పెట్టే ముందు చుక్క సిలికాన్ వేయమనండి, నీళ్లు లోపలికి దిగవు. ఎవరు చేసినా మొదటి రంధ్రం దగ్గర మీరు నిలబడి చూడండి.

ఓనరుగారితో మాట్లాడేటప్పుడు ఎనిమిది రంధ్రాలని లెక్క చెప్పి, ఎక్కడెక్కడో కాగితం మీద గీసి చూపించండి. చాలామంది ఒప్పుకుంటారు. ఖాళీ చేసేటప్పుడు ప్లగ్గులు లాగేసి, తెల్ల సిమెంటులో టైల్ రంగు పొడి కలిపి నింపి, ఆరాక తడిగుడ్డతో తుడిస్తే రెండడుగుల దూరం నుంచి కనపడవు. అప్పటికీ వద్దంటే జంట కడ్డీ మానేసి, తలుపు కొక్కేలతో, గోడల మధ్య బిగించే కడ్డీలు రెండింటితో సరిపెట్టుకోవచ్చు. రెండో కడ్డీని మొదటిదానికి అడుగు దూరంలో, అదే ఎత్తులో పెట్టుకోండి.